ఎడమ చేతి వైపు చెరువు

మొన్న ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి చిక్కడపల్లిలో మా ఇంటి ముందు ఐదు సైకిళ్లు వరసగా నిలబడ్డాయి. నాన్నకి డెబ్బై రెండేళ్లు, మా అబ్బాయికి ఎనిమిది. మధ్యలో మా ఆయన, నేను, పన్నెండేళ్ల మా అమ్మాయి. ముందు రోజు సాయంత్రమే సందు చివరి పంచర్ల షాపులో గాలి కొట్టించి, చైన్లకి నూనె వేయించి, బ్రేకులు బిగించి తెచ్చాం. నాన్న సైకిల్‌కి మాత్రం నాన్నే చేసుకున్నారు. ఆ బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వరు.

అనుకున్నది పెద్ద పనేమీ కాదు. ట్యాంక్‌బండ్ ఎక్కి, హుస్సేన్‌సాగర్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి టిఫిన్ చేయాలి. చుట్టు మొత్తం సుమారు 10 కిలోమీటర్లు. తిరిగాం, వచ్చాం, ఇడ్లీ తిన్నాం. ఆ రోజు నుంచి ఒక విషయం మాత్రం నన్ను వదలడం లేదు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. చెరువు చుట్టూ, నీళ్ల వైపు అంచున, ఒక వరస రోడ్డుని సైకిళ్లకి పూర్తిగా, ఎప్పటికీ ఇచ్చేయాలి. ఆదివారం సాయంత్రం కొన్ని గంటలు ఇస్తే సరిపోదు. ఇచ్చిన దారి బాగుందో లేదో తేల్చడానికి పెద్ద రిపోర్టులు అక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడు మంగళవారం పొద్దున పది గంటలకి దాని మీద ధైర్యంగా తొక్కగలిగితే బాగున్నట్టు. తొక్కలేకపోతే లేనట్టు.

నాన్న ఇప్పటికీ ట్యాంక్‌బండ్ అనరు. కట్ట అంటారు. 1970ల్లో ఆయన రాణీగంజ్‌లో మోటారు పంపుల స్పేర్ పార్టులు అమ్మే షాపులో చేరారు. అక్కడ ఇరవై మూడేళ్లు పనిచేశారు. రోజూ పోను ఒకసారి, రాను ఒకసారి, కట్ట మీద. కవాడిగూడ మీదుగా వెళ్తే దగ్గరవుతుంది కదా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "కవాడిగూడలకెళ్లి పోతే దగ్గరనే బిడ్డా, గాని ఉక్క. కట్ట మీదికెళ్లి పోతే గాలి తగులుతది" అన్నారు. పొద్దంతా ఇనుప సామాన్ల మధ్య, గ్రీజు వాసనలో నిలబడే మనిషికి ఆ పావుగంట గాలి ఎంత అవసరమో అప్పుడు నాకు తెలియలేదు. ఆయన సైకిల్ అట్లాస్. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. వార్త చదివి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం సైకిల్ బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టారు.

నా చిన్నతనమంతా ఆ సైకిల్ ముందు రాడ్ మీద గడిచింది. రాడ్‌కి ఒక చిన్న సీటు బిగించి ఉండేది. అమ్మ వెనక క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చునేది. ఆదివారం సాయంత్రం ముగ్గురం కట్ట మీదికి వెళ్లేవాళ్లం. అప్పటికే అక్కడ విగ్రహాలు వచ్చాయి, 1980ల్లో ప్రభుత్వం వరసగా పెట్టించినవి. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది బడిలో అయినా, చదవడం వచ్చింది మాత్రం ఆ దిమ్మెల మీద పేర్ల దగ్గరే. నాన్న విగ్రహం దగ్గరికి రాగానే తొక్కడం ఆపి, సైకిల్‌ని దాని మానాన పోనిచ్చేవారు. పేరు చదివేలోపు విగ్రహం దాటిపోకూడదు. వేమన తొందరగా వచ్చేసేవాడు. మొల్ల దగ్గర ఒత్తు చూసి ఆగేదాన్ని. తానీషా, మఖ్దూం, జాషువా... ఎవరు ఎవరో తెలియకముందే పేర్లన్నీ నోటికి వచ్చేశాయి.

బుద్ధుడి సంగతి కూడా సైకిల్ మీంచే తెలుసు నాకు. రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కిన 18 మీటర్ల విగ్రహం అది. చెరువు మధ్యలోని రాతి గుట్ట మీదికి చేర్చబోతుంటే 1990 మార్చి 10న పడవ ఒరిగి నీళ్లలో మునిగిపోయింది. మనుషుల ప్రాణాలు పోయాయి. నాకు అప్పుడు ఏడేళ్లు. తర్వాత ఏ ఆదివారం వెళ్లినా నాన్న ఒకచోట కాలు ఆన్చి సైకిల్ ఆపేవారు. "ఇంకా లేవలేదా నాన్నా?" అని అడిగేదాన్ని. "లేవలే బిడ్డా, పండుకున్నడు" అనేవారు. రెండేళ్లు దాటాక, 1992 డిసెంబర్ 1న, పైకి తీసి నిలబెట్టారు. తొమ్మిదేళ్లకి నేను రాడ్ మీద పట్టక క్యారియర్ మీదికి మారిపోయాను. అయినా ఆ ఆదివారం నాన్న అదే చోట ఆగారు. చాలామంది ఆగారు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, చూస్తూ ఉండిపోయారు.

ఇదంతా జ్ఞాపకాల మీద మోజుతో రాయడం లేదు. అప్పుడు ముగ్గురు మనుషులు ఒక సైకిల్ మీద కట్ట మీద ఎక్కడ కావాలంటే అక్కడ కాలు ఆన్చి ఆగగలిగేవాళ్లు. ఇప్పుడు అలా ఆగితే వెనక నుంచి వచ్చే బండి గుద్దుతుంది. ఈ ముప్పై ఐదేళ్లలో మారిన విషయం ఇదీ.

సరే, మొన్నటి ఆదివారానికి వస్తాను. అశోక్‌నగర్ దాటి, ఇందిరా పార్కు పక్క నుంచి లోయర్ ట్యాంక్‌బండ్‌కి వచ్చాం. కట్ట మైసమ్మ గుడి ముందు నాన్న దిగకుండానే ఒక చేత్తో దండం పెట్టుకున్నారు. "కట్ట మైసమ్మ అంటే ఎవరు తాతా?" అని మా వాడు అడిగాడు. "కట్ట తెగకుంట చూసే తల్లిరా" అన్నారు. తెలంగాణలో చెరువు ఉన్న ఊళ్లన్నిటా దాదాపు ఈ తల్లి ఉంటుంది. చెరువుకి కట్ట ఎంత ముఖ్యమో, తూము, మత్తడి ఎంత ముఖ్యమో, ఈమె కూడా అంతే. బోనాలప్పుడు తప్ప మేం ఈ గుడి గురించి మాట్లాడుకోం. ఆ పొద్దున దాని పక్కనుంచి కట్ట ఎక్కుతుంటే మా అమ్మాయి ఆయాసంతో, "అమ్మా, లోయర్ ట్యాంక్‌బండ్ అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది" అంది. కారులో వందసార్లు ఎక్కిన ఎత్తే అది. కట్ట అంత ఎత్తు ఉందని, దాని అవతల అంత నీళ్లు నిలబడి ఉన్నాయని, ఇవతల మనుషులు ఆ నీటి మట్టానికి కింద బతుకుతున్నారని మా పిల్లలకి తొడలు నొప్పి పుట్టాకే అర్థమైంది.

ఈ కట్ట వయసు ఒకసారి తలుచుకోవాలి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ చూసుకోగా, 1562 ప్రాంతంలో కట్టించారు. చార్మినార్ 1591. అంటే హైదరాబాద్ అన్న ఊరే ఇంకా లేదు, అప్పటికి కట్ట ఉంది. మూసీ నుంచి కాలువ తీసి నీళ్లు తెచ్చి నింపారు. సికింద్రాబాద్ ఆ తర్వాతెప్పుడో, 1806లో సికిందర్ జా పేరు మీద వచ్చింది. అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు పెరిగి, నీళ్లు ఆపడానికి వేసిన మట్టికట్టే రెండింటి మధ్య బాట అయింది. 1946లో మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్నప్పుడు దాన్ని బాగా వెడల్పు చేశారు. నాలుగు వందల అరవై ఏళ్లు దాటిన కట్ట మీద నడకకి, ఎడ్ల బండ్లకి, గుర్రాలకి, సైకిళ్లకి చోటున్న కాలమే ఎక్కువ. మోటారు వాహనాలు మొత్తంగా ఆక్రమించుకున్నది దాని ఆయుష్షులో చివరి కొద్దిపాటి ముక్కలోనే. అందుకే "ఇది వాహనాల రోడ్డు, మధ్యలో సైకిళ్లేంటి" అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ముందు వచ్చిందెవరు?

జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెరువు కట్ట మీద పొద్దున పశువులు వెళ్లేవి, సాయంత్రం తిరిగొచ్చేవి. మధ్యాహ్నం పిల్లలం టైర్లు దొర్లించేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లంతా తలల మీద పూలు పెట్టుకుని వరసగా అదే దారిన వచ్చేవారు. కట్ట మీద తొందరగా వెళ్లాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. తొందరున్నవాడు కింద బండ్ల బాటన పోయేవాడు. పట్నం కట్ట మీద కూడా బతుకమ్మ ఆడతాం, సద్దుల నాడు వాహనాలు మళ్లిస్తారు. అంటే కట్ట ఎవరిదో మనకి తెలుసు. ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రం గుర్తు చేసుకుంటాం.

మేం పాత అంబేద్కర్ విగ్రహం దగ్గర ఎక్కి రాణీగంజ్ వైపు తిరిగాం. అలా తిరిగితే చుట్టు పూర్తయ్యేదాకా చెరువు ఎప్పుడూ ఎడమ చేతి వైపే ఉంటుంది. ఇది నాన్న చెప్పిన కిటుకు, పిల్లలకి దారి తప్పకుండా. దాని అసలు విలువ నాకు తొక్కుతుంటే తెలిసింది. మనం ఎడమ పక్కన పోతాం. మన ఎడమ పక్కన నీళ్లు. నీళ్లలోంచి ఏ బండీ రోడ్డు మీదికి రాదు. ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లకి ప్రాణభయం ఎక్కువగా ఉండేది పక్క రోడ్ల దగ్గర, గేట్ల దగ్గర, ఎడమకి తిరిగే బండ్ల దగ్గర. చెరువు అంచున ఆ బెడద దాదాపు లేదు. లుంబినీ పార్కు, సంజీవయ్య పార్కు గేట్ల లాంటి కొన్ని చోట్ల చూసుకుంటే చాలు. నగరం మొత్తంలో సైకిల్ దారి వేయడానికి ఇంతకంటే తేలికైన చోటు నాకు కనిపించలేదు. దేవుడిచ్చిన వసతి అని అంటాం చూడండి, అలాంటిది.

కట్ట మీద సూర్యుడు కుడి వైపు కవాడిగూడ మేడల వెనక నుంచి వచ్చాడు. నీళ్లు ముందు బూడిద రంగులో ఉండి, తర్వాత రాగి రంగుకి వచ్చాయి. మా అమ్మాయి దిమ్మెల మీద పేర్లు చదువుతోంది. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు తడుముకుంటూ చదువుతుంది. నాన్న ఏమీ అనకుండా వేగం తగ్గించారు. నేను చూశాను. ముప్పై ఐదేళ్ల కిందట నా కోసం తగ్గించినట్టే.

ఆ కాస్త దూరంలో మాకు కనిపించిన సైకిళ్లు లెక్కపెట్టాను. పదకొండు. హెల్మెట్లు పెట్టుకుని ఖరీదైన గేరు సైకిళ్ల మీద వెళ్లినవాళ్లు ఇద్దరు. మిగతా తొమ్మిది మందీ పనివాళ్లు. పేపర్లు వేసి తిరిగొస్తున్న కుర్రాడు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని రాత్రి డ్యూటీ దిగి వెళ్తున్న వాచ్‌మన్, క్యారియర్ మీద చాయ్ ఫ్లాస్కు కట్టుకున్నాయన, ఇడ్లీ పాత్ర కట్టుకున్న ఇంకొకాయన. "ఈ రోజుల్లో సైకిల్ ఎవరు తొక్కుతున్నారండీ" అని అడిగేవాళ్లకి ఈ తొమ్మిది మంది కనిపించరు. సైకిల్ దారి గురించి మాట వచ్చినప్పుడల్లా అది వారాంతపు సరదా అన్నట్టు మాట్లాడతారు. మాలాంటి కుటుంబాలు వారానికి ఒకసారి సరదాకి వెళ్తాయి, నిజమే. వాళ్లు మాత్రం రోజూ వెళ్తున్నారు, బతకడానికి. ఆ దారి మొదట వాళ్లదే.

మా వాడు పడింది కట్ట మీద కాదు. కట్ట దిగాక.

కర్బలా మైదాన్ దగ్గర కట్ట అయిపోతుంది. అక్కడి నుంచి నల్లగుట్ట మీదుగా నెక్లెస్ రోడ్డు ఎక్కేదాకా ఒక ముక్క ఉంది. చుట్టు మొత్తంలో రోడ్డు నీళ్లకి దూరంగా జరిగేది అక్కడే. బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ అక్కడే మలుపు తీసుకుంటాయి. మేం వరసగా వెళ్తున్నాం. ముందు మా ఆయన, వెనక అమ్మాయి, తర్వాత అబ్బాయి, వాడి పక్కన కాస్త కుడిగా నేను, చివర నాన్న. వెనక నుంచి ఒక కారు పెద్దగా హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది. తగల్లేదు. కానీ ఆ హారన్‌కి వాడు అదిరిపడి హ్యాండిల్ ఎడమకి తిప్పేశాడు. ముందు చక్రం రోడ్డు అంచు రాయికి తగిలి పడిపోయాడు. మోచెయ్యి గీరుకుపోయింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. కారు ఆగలేదు.

నాకు చేతులు వణికాయి. నాన్న సైకిల్ స్టాండు వేసి వచ్చి, సీసాలో నీళ్లతో మోచెయ్యి కడిగి, తన రుమాలు కట్టారు. తర్వాత వాడి సైకిల్ ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, వంకర తిరిగిన హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజి సరిచేశారు. అంతా రెండు నిమిషాల్లో. "ఏం కాలేదు చిన్నా, మెల్లగ పోదాం" అన్నారు. వాడు ఏడవలేదు. నన్ను చూసి, "అమ్మా, నేను ఎడమ పక్కనే ఉన్నా కదా. ఎందుకు కొట్టారు హారన్?" అని అడిగాడు.

వాడు చేసిన తప్పు లేదు. నేర్పిన రూలు పాటించాడు. బెల్లు ఉంది, బ్రేకు ఉంది, హెల్మెట్ ఉంది, ఎడమ పక్కన ఉన్నాడు. ఇంతకంటే ఒక పిల్లాడు ఏం చేయాలి? నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పిల్లల్ని రోడ్డు మీదికి తీసుకురావడం మీదే తప్పు అని ఆ సాయంత్రం ఒక బంధువు ఫోన్‌లో అన్నారు. ప్రేమతోనే అన్నారు, తెలుసు. కానీ ఆ మాట దగ్గరే మనం ఆగిపోతున్నాం. భయం ఉంది కాబట్టి పిల్లల్ని సైకిల్ మీద పంపం. పంపం కాబట్టి రోడ్డు మీద పిల్లలు కనిపించరు. కనిపించరు కాబట్టి రోడ్డు వేసేవాళ్లు పిల్లల్ని లెక్కలోకి తీసుకోరు. అందుకని భయం ఇంకా పెరుగుతుంది.

నెక్లెస్ రోడ్డు మీద, ఇప్పుడు పి.వి. నరసింహారావు మార్గ్ అంటున్నారు, వాడు పది నిమిషాల్లో మామూలు మనిషయ్యాడు. సంజీవయ్య పార్కులో పెద్ద జెండా గాలికి విప్పుకుని ఎగురుతోంది. దాని స్తంభం 291 అడుగులు అని అక్క చెబితే, "మన అపార్ట్‌మెంట్లు ఎన్ని పెడితే అంత?" అని లెక్కలు మొదలుపెట్టాడు. కుడి వైపు పట్టాల మీద ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. దానితో పందెం వేసుకుని ఇద్దరూ నిలబడి తొక్కారు. రైలే గెలిచింది. నేను ఏదో కోల్పోయాననుకున్నది ఆ రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

అదే ఒడ్డున వాసన కూడా వచ్చింది. కూకట్‌పల్లి నాలా చెరువులో కలిసే వైపు నుంచి. పిల్లలు ముక్కు మూసుకున్నారు. కారులో అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని వెళ్తే ఆ వాసన తెలియదు. ఒకప్పుడు ఈ నీళ్లు నగరం తాగింది. ఇప్పుడు నాలాలు తెచ్చే మురుగుని చెరువు తాగుతోంది. రోజూ వేలమంది ఈ ఒడ్డున సైకిల్ తొక్కితే, వేలమంది ముక్కులకి ఆ సంగతి తెలుస్తుంది. తెలిసినవాళ్లు ఊరుకోరని నా నమ్మకం. చెరువు శుభ్రం కావాలంటే ముందు జనం దాని దగ్గరికి రావాలి. అద్దాల వెనక నుంచి చూసే జనానికి అది ఒక ఫొటో మాత్రమే.

ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, 125 అడుగుల అంబేద్కర్, అమరవీరుల స్మారకం, అన్నీ దాటుకుని మళ్లీ కట్ట దగ్గరికి వచ్చాం. అప్పటికి ఎనిమిది కావస్తోంది, బండ్లు పెరిగాయి. ఆ చివరి ముక్కలో నేను దేన్నీ చూడలేదు. మా వాడి వెనక చక్రాన్ని తప్ప.

ఇక అడ్డు మాటల సంగతి. మొదటిది ఎప్పుడూ ట్రాఫిక్కే. రెండు ఊళ్లని కలిపే రోడ్డులో ఒక వరస తీసేస్తే బండ్లు ఎక్కడికి పోవాలి? రోజూ ఆ దారిన ఆఫీసుకి వెళ్లే మా ఆయనే నన్ను ఇది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కట్ట మీద ట్రాఫిక్ ఎక్కడ ఆగుతుందో గమనించమన్నాను. మధ్యలో ఆగదు, అక్కడ సిగ్నలే లేనంత ఖాళీగా పరుగెడుతుంది. ఆగేది రెండు చివర్లలో, లిబర్టీ వైపు, రాణీగంజ్ వైపు. ఒక రోడ్డు గంటకి ఎన్ని బండ్లని దాటించగలదన్నది దాని చివర ఉన్న కూడలి తేలుస్తుంది. మధ్యలో ఎంత వెడల్పు ఉన్నా సీసా మూతి ఎంతో అంతే కారుతుంది. మధ్యలో ఎక్కువగా ఉన్న వెడల్పు వల్ల బండ్లు ముందుగా చేరేదేమీ లేదు, కట్ట మీద వేగం పెంచుకుని సిగ్నల్ దగ్గర ఆగడం తప్ప. ఆ వేగమే పిల్లల్ని చంపేది. 60 మీద వెళ్లే బండి తాకిడి శక్తి 30 మీద వెళ్లేదానికి నాలుగు రెట్లు. ఇది బడిలో చదువుకున్న లెక్కే.

ఇంకో సంగతి. వినాయక నిమజ్జనానికి ఏటా కట్ట మీద వాహనాలు ఆపేస్తాం. క్రేన్లు పెడతాం, ఊరంతా వేరే దార్లలో తిరుగుతుంది. 2021లో ఆదివారం సాయంత్రాలు కట్టని జనానికి వదిలే పద్ధతి మొదలుపెట్టారు. ఆ సాయంత్రాల్లో మేమూ వెళ్లాం. సంతోషంగా ఉంది, చెయ్యెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ గుంపులో సైకిల్ తొక్కలేం, బజ్జీల బండ్ల మధ్య నడవడానికే చోటు చాలదు. పైగా సోమవారం పొద్దున వాచ్‌మన్‌కి, చాయ్ ఆయనకి ఆ సాయంత్రం ఏం పనికొస్తుంది?

ఫుట్‌పాత్ వెడల్పు చేశారు కదా, దాని మీద తొక్కించండి అన్నారు ఒకరు. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది. మోకాళ్ల నొప్పితో మెల్లగా నడిచే పెద్దావిడ వెనక మా వాడు బెల్లు కొడితే, మాకు ఆ కారు చేసిందే మేం ఆవిడకి చేసినట్టు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా అన్నది ఇంకో మాట. 2023 అక్టోబర్ 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, మూడు వరసలు, పైన 16 మెగావాట్ల ప్యానెళ్లు. వెళ్లి తొక్కాను, చాలా బాగుంది, కట్టినవాళ్లని మనసారా మెచ్చుకుంటాను. ఎండకి కప్పు ఉండాలని వాళ్లు ఆలోచించడమే గొప్ప. కానీ చిక్కడపల్లి నుంచి అక్కడికి పిల్లల సైకిళ్లు కారు వెనక కట్టుకుని వెళ్లాలి. కారు లేనివాళ్లకి అది లేనట్టే. మా చెరువు చుట్టూ దారి వస్తే చిక్కడపల్లి, కవాడిగూడ, ఖైరతాబాద్, రసూల్‌పురా పిల్లలు ఇంటి నుంచి తొక్కుకుంటూ వస్తారు.

రెండేళ్ల కిందట పుదుచ్చేరి వెళ్లాం. అక్కడ సముద్రం పక్కన పాత బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా వాహనాలు రానివ్వరు. రోజూ. ఊరు ఊరంతా వచ్చి ఆ రోడ్డు మధ్యలో నడుస్తుంది. మా అమ్మాయి అద్దె సైకిల్ తీసుకుని సముద్రం పక్కన ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కే లేదు. మేం ఒక అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. పిల్ల సైకిల్ మీద ఉన్నప్పుడు తల్లి కూర్చుని కబుర్లు చెప్పుకోగలిగిన రోడ్డు నేను చూసింది అదొక్కటే. విశాఖలో ఆర్.కె. బీచ్ దగ్గర కూడా తెల్లవారుజామున కొన్ని గంటలు నడిచేవాళ్లకే వదులుతారు. సముద్రం ఉన్న ఊళ్లు తమ ఒడ్డుని జనానికి అట్టిపెట్టుకున్నాయి. మనకి సముద్రం లేదు. ఉన్న ఒడ్డు ఇదే.

2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు మీద చోటు వాహనాల లెక్కన కాకుండా మనుషుల లెక్కన పంచాలని చెప్పింది. దాన్ని అమలు చేయడానికి ఈ కట్ట కంటే మంచి చోటు ఏముంది? అందుకు అద్దాల వంతెనలు, రంగు దీపాలు అక్కర్లేదు. నీళ్ల వైపు వరసని మిగతా రోడ్డు నుంచి వేరు చేస్తూ మోకాలెత్తు రాతి అంచు కావాలి. పెయింట్ గీత చాలదు, గీతని ఏ బండీ లెక్కచేయదు. కట్ట మీద, నెక్లెస్ రోడ్డు మీద 30 దాటని వేగం కావాలి. కర్బలా మైదాన్ నుంచి నల్లగుట్ట దాకా ఉన్న ముక్కలో సైకిళ్లకి ప్రత్యేకంగా దారి, కూడలి దగ్గర ముందు వదిలే సిగ్నల్ కావాలి. మిగతావన్నీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు, ఆ ముక్క మాత్రం ముందు కావాలి. చుట్టు అంతా బాగుండి ఒక్కచోట తెగితే పిల్లల్ని పంపలేం. కట్టకి గండి పడ్డట్టే అది.

ఈ ఆదివారం మళ్లీ వెళ్లాం. వాడే అడిగాడు. మోచేతి మీద పొక్కు ఇంకా రాలలేదు. ఈసారి మా అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. కర్బలా మైదాన్ దగ్గర అందరం దిగిపోయి, నెక్లెస్ రోడ్డు దాకా సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. మా వాడు మొదటి నుంచి చివరిదాకా లెక్కపెడుతూనే నడిచాడు.

ఇంటికొచ్చాక వినతి పత్రం రాశాం, పైన చెప్పిన మూడు కోరికలతో. నాన్న అందరికంటే ముందు సంతకం చేశారు, తెలుగులో, పూర్తి పేరు. పిల్లలు కూడా చేస్తామన్నారు. మా వాడు పేరు రాసి, పక్కన "742 అడుగులు దిగి నడిచాను" అని రాశాడు. ఆఫీసు కాగితం కదా, అది కొట్టేయనా అని మా ఆయన అడిగారు. ఉంచమన్నాను.